డబ్బా పట్టే ముందు లెక్క అడుగుదాం

పోస్టు పొడుగ్గా ఉంది. చదివి తిట్టండి, పర్వాలేదు. చదవకుండా మాత్రం లైక్ కొట్టకండి.

వానాకాలం దగ్గర పడుతోంది. గ్రూపులో అప్పుడే మెసేజ్‌లు మొదలయ్యాయి. "ఈసారి కూడా అబిడ్స్‌లో డబ్బాలు పడదామా? బ్యానర్ ఎవరు కొట్టిస్తరు? లారీ ఎవరు మాట్లాడతరు?" అని. ఇంకా చినుకు పడలేదు, వాగు పొంగలేదు, అప్పుడే మనం విరాళాలకు తయారైపోయాం. వరద రాకుండా చూడటానికి గాని, వస్తే మనిషి పోకుండా చూడటానికి గాని ఒక్క మెసేజ్ లేదు.

అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల హాస్టళ్లలో, అద్దె గదుల్లో ఉండి చదువుకుంటున్న వాళ్లం మేం. మాలో కోయ పిల్లలున్నారు, గోండు పిల్లలున్నారు, లంబాడీ పిల్లలున్నారు. వరుసగా మూడేళ్లు డబ్బాలు పట్టుకుని తిరిగిన వాళ్లం కూడా మేమే. 2022లో గోదావరి వచ్చినప్పుడు జీపీఓ చౌరస్తాలో నిలబడ్డాం. 2023లో ములుగు మునిగినప్పుడు ఆదివారం పుస్తకాల బజారులో ఫుట్‌పాత్ వెంట నడిచాం. 2024లో మున్నేరు, ఆకేరు పొంగినప్పుడు నాంపల్లి స్టేషన్ బయట ఆటోల మధ్య చేతులు చాపాం. అందుకే ఈ మాట అనే హక్కు మాకుందని అనుకుంటున్నాం: ఈసారి పాత పద్ధతిలో డబ్బా పట్టం. ఎందుకో చెప్తాం.

ముందు మన తప్పు మనం ఒప్పుకుందాం. ఆ మూడేళ్లలో పైసలు పడ్డది ఒకరి సొంత ఫోన్‌పే నంబర్‌కి. డబ్బాల్లో పడ్డ చిల్లర హాస్టల్ గదిలో మంచం మీద పోసి లెక్కపెట్టాం. బేగంబజార్‌లో దుప్పట్లు, గిన్నెలు కొన్నాం. బిల్లులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. లారీ కిరాయి, డీజిల్, బ్యానర్లు, దారిలో తిండి, అన్నీ అందులోంచే పోయాయి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగితే, "సేవలో లెక్కలేంది రా? నీకు నమ్మకం లేదా?" అని పది మంది మీద పడ్డాం. ఆ పది మందిలో మేం కూడా ఉన్నాం. వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ తమ్ముడికి ఈ పోస్టు ద్వారా క్షమాపణ చెప్తున్నాం. వాడు అడిగింది న్యాయమైన మాట.

ఇక రెండో తప్పు. 2023లో లారీతో వెళ్లిన ఊళ్లో ఒక అవ్వ మా చేతిలోంచి దుప్పటి తీసుకుని పక్కన పెట్టింది. అప్పటికే ఆమె దగ్గర రెండున్నాయి. "దుప్పట్లు మస్తు వచ్చినయ్ బిడ్డా. ఆ రాత్రి ఒక్క తాడు ఉంటే అయిపోవు" అంది. కోపంగా కూడా అనలేదు. మేం ఫొటోలు దిగి వచ్చేశాం. తిరుగు దారిలో బండిలో ఎవ్వరం మాట్లాడుకోలేదు.

ఆ తాడు ఖరీదు మన బ్యానర్ ఖరీదంత ఉండదు. కానీ అది వరదకు ముందే ఊళ్లో ఉండాలి. వరద తర్వాత తీసుకెళ్తే దాంతో ఏం చేస్తారు?

2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు కొండాయిని ముంచేసింది. మనుషులు కొట్టుకుపోయారు. తర్వాత హెలికాప్టర్లు వచ్చాయి, నాయకులు వచ్చారు, మనమూ వెళ్లాం. అంతకు ముందటేడు, 2022 జూలై 16న, భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చిన సంగతి మన తాతలందరికీ గుర్తే. అంటే ఈ నది ఎంత ఎత్తుకు రాగలదో ప్రభుత్వానికి 1986 నుంచి తెలుసు. తెలియక జరిగిన నష్టం కాదు ఇది. ముందే పెట్టాల్సిన పైసలు ముందు పెట్టకపోవడం వల్ల జరిగిన నష్టం.

"పైసలు ఎక్కడివి?" అంటారా? అక్కడికే వస్తున్నాం. ఈ సంగతి మన గ్రూపులో ఎక్కువ మందికి తెలియదు. పోయినేడు దాకా మాకూ తెలియదు.

2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికి ఒక విపత్తు నిధి ఉంటుంది. మన రాష్ట్రంలో అందులో 75 శాతం కేంద్రం వేస్తుంది, 25 శాతం రాష్ట్రం వేస్తుంది. 2021 నుంచి 2026 దాకా ఐదేళ్లకు 15వ ఆర్థిక సంఘం అన్ని రాష్ట్రాలకూ కలిపి చెప్పిన మొత్తం 1,60,153 కోట్లు. ఆ మొత్తాన్ని ఎట్లా పంచాలో కూడా చెప్పింది. వంద రూపాయలనుకుంటే 40 తక్షణ సహాయానికి, 30 మళ్లీ నిలబెట్టే పనులకు, 10 ముందస్తు సన్నద్ధతకు, 20 ముప్పు తగ్గించే పనులకు. అంటే వందలో 30 రూపాయలు వరద రాకముందే ఖర్చు పెట్టడానికి ఉద్దేశించినవి.

మన గూడేలకు ఆ 30 రూపాయల్లోంచి ఏం వచ్చింది? మీ ఊళ్లో సైరన్ ఉందా? లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వాగు దాటడానికి తాడు, పడవ? మునగని ఎత్తు జాగాలో ఒక షెడ్డు? తొవ్వ తెగిపోతే నెల రోజులకు సరిపడా బియ్యం? నెలలు నిండిన ఆడవాళ్లను వానలకు ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చే ఏర్పాటు? ఉంటే కామెంట్లో రాయండి, ఊరి పేరుతో సహా రాయండి, సంతోషిస్తాం. లేకపోతే అడగాల్సింది అబిడ్స్‌లో చెప్పుల షాపు ముందు నిలబడ్డ మనిషిని కాదు. ఆయన మనకు ఇవ్వాల్సిందేమీ లేదు. ఆయన దయతో ఇస్తున్నాడు. మనకు ఇవ్వాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఈ తేడా మనకు ఎందుకు పట్టదు? మేం ఉంటున్న ఈ నగరాన్నే చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది. దాదాపు 15 వేల మంది చనిపోయారని అంచనా. అబిడ్స్ నుంచి నడిచి వెళ్తే అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారని చెప్తారు. నిజాం సర్కారు ఆ తర్వాత ఏం చేసింది? విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1912లో నగర అభివృద్ధికి ఒక బోర్డు పెట్టింది. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ కట్టింది. రాజధానికి వరద వస్తే ఇంజనీరును పిలిచారు. మన వాగులకు వరద వస్తే దుప్పట్ల లారీని పిలుస్తున్నారు. అది కూడా మనమే తోలుకుపోతున్నాం.

ఇదేదో అసాధ్యమైన పని కాదు. పక్కనున్న ఒడిశాను చూడండి. 1999 తుపానులో అక్కడ పది వేల దాకా మనుషులు పోయారు. ఆ తర్వాత షెల్టర్లు కట్టారు, ఊరూరా వలంటీర్లకు శిక్షణ ఇచ్చారు, హెచ్చరిక చివరి ఇంటి దాకా చేరే ఏర్పాటు చేశారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే ఉన్నారు. ముందు పెట్టిన పైసలు చేసే పని అది. బంగ్లాదేశ్ మనకంటే పేద దేశం. 1970 తుపానులో లక్షల మందిని పోగొట్టుకుంది. 1972లో ఊరి మనుషులనే వలంటీర్లుగా తీసుకుని ముందస్తు హెచ్చరిక కార్యక్రమం మొదలుపెట్టింది. సముద్రం పక్క వాళ్లకు సాధ్యమైంది వాగు పక్క వాళ్లకు ఎందుకు సాధ్యం కాదు?

ఇప్పుడు పరిహారం సంగతి. కేంద్రం నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. అది పక్కా ఇల్లయినా కచ్చా ఇల్లయినా సరే. కానీ అదే ఇంటిని "గుడిసె" అని రాస్తే 8,000 రూపాయలు. మట్టి గోడలు, గడ్డి కప్పు ఉన్న మన ఇల్లు కచ్చా ఇల్లా, గుడిసెనా? సర్వే చేయడానికి వచ్చిన ఉద్యోగి ఆ పొద్దు ఏ గడిలో టిక్కు పెడితే అది. ఒక్క టిక్కుకు లక్షా పన్నెండు వేల తేడా. ఆ టిక్కు పడేటప్పుడు మనం ఎక్కడున్నాం? లారీ మీద బ్యానర్ కడుతున్నాం.

ఇంకోటి. ఇల్లు అధికారికంగా గుర్తించిన కట్టడమై ఉండాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. అడవిలో పట్టా లేకుండా ఉన్నవాళ్ల గతేంటి? ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో ఉంటున్న గుత్తికోయల గతేంటి? పోడు పట్టా రానివాళ్లకు పంట నష్టం ఎవరు రాస్తారు? కాగితం లేని మనిషికి వరద రాలేదని లెక్కేనా? విపత్తు చట్టం 61వ సెక్షన్‌లో సహాయం ఇచ్చేటప్పుడు కులం, సమాజం, వంశం పేరుతో వివక్ష చూపకూడదని ఉంది. కాగితం పేరుతో చూపే వివక్ష చివరికి ఎవరి మీద పడుతుందో మనకు తెలియదా?

ముందే జాబితా లేకుండా పైసలు పంచితే ఏమవుతుందో మేం ఈ నగరంలోనే చూశాం. 2020 అక్టోబర్ వరదలప్పుడు ప్రభుత్వం 550 కోట్లు విడుదల చేసి ఇంటికి పది వేలు అంది. చేతికి నగదు పంచారు. అందినవాళ్లకు అందింది, అందనివాళ్లు రోడ్డెక్కారు. తర్వాత మీసేవ ముందు క్యూలు కట్టించారు. అంతలో గ్రేటర్ ఎన్నికలు వచ్చి నవంబర్‌లో ఆగిపోయింది. టీవీ కెమెరాలు, ఓట్లు, పేపర్లు అన్నీ ఉన్న హైదరాబాద్‌లోనే ఇట్లా జరిగితే, సెల్ సిగ్నల్ లేని ఊళ్లో ఎట్లా జరుగుతుందో మీరే ఊహించుకోండి.

2022లో అప్పటి ముఖ్యమంత్రి భద్రాచలం వచ్చి, వరదకు శాశ్వత పరిష్కారానికి వెయ్యి కోట్లు అని ప్రకటించారు. ఎత్తు జాగాలో కాలనీలు కడతామన్నారు. ప్రభుత్వం మారింది. ఆ వెయ్యి కోట్లలో ఎన్ని విడుదలయ్యాయి, ఎన్ని ఇళ్లు లేచాయి అని కాగితం మీద అడిగిన వాళ్లం మనలో ఎంతమందిమి? మేం అడగలేదు. పాత పార్టీ వాళ్లు కొత్త పార్టీని, కొత్త పార్టీ వాళ్లు పాత పార్టీని తిడుతుంటే షేర్ చేసుకుంటూ కూర్చున్నాం.

అడగడానికి ఎంత ఖర్చవుతుంది? పది రూపాయలు. అబిడ్స్ జీపీఓలోకి వెళ్లి పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కొనండి. తెల్ల కాగితం మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. అక్కడే పోస్టు చేయండి. మండల ఆఫీసుకైతే ఐదు రూపాయలే. గ్రామ స్థాయిలో ఫీజే లేదు. తప్పు ఆఫీసుకు పంపినా ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాల్సింది వాళ్లే. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు. ఆ కమిషన్ ఆఫీసు ఎక్కడుంది? మొజాంజాహీ మార్కెట్ దగ్గర, సమాచార హక్కు భవన్‌లో. మనం డబ్బాలు పట్టుకుని నిలబడ్డ చోటు నుంచి నడిచి వెళ్లేంత దూరం. మూడేళ్లు ఆ భవనం ముందు నుంచే డబ్బాలు ఊపుకుంటూ పోయాం. లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు.

"ఆర్టీఐ వేస్తే ఏమైతది, జవాబులు రావు" అంటారు. సగం నిజమే. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. 2023 వరద, 2024 వరద, రెండూ ఆ ఖాళీ కుర్చీల కాలంలోనే వచ్చాయి. 2025లో గాని నియామకాలు జరగలేదు. అందుకే ఒక్కరు ఒక్క దరఖాస్తు వేస్తే చాలదు. యాభై ఊళ్ల నుంచి యాభై దరఖాస్తులు పోవాలి. జవాబు రాకపోయినా, అడిగిన తేదీ కాగితం మీద ఉంటుంది. రేపు ఏదైనా జరిగితే "మాకు తెలియదు" అనడానికి వీలుండదు.

"అధికారులకు కోపం వస్తది, మన హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్పులు వాళ్ల చేతుల్లో ఉన్నయ్" అనే అన్నలూ ఉన్నారు. ఆ భయం మాకూ ఉంది. అందుకే ఒక్కరి పేరు మీద కాకుండా చాలామంది పేర్ల మీద వేద్దామంటున్నాం. భయం పంచుకుంటే తగ్గుతుంది.

"మీరు విరాళాలు ఆపితే ఆకలితో ఉన్నోళ్లకు అన్నం ఎవరు పెడతరు?" ఇది అన్నిటికంటే గట్టి ప్రశ్న. దీన్ని తేలిగ్గా తీసుకోం. వరద వచ్చిన మొదటి రెండు రోజులు ప్రభుత్వం చేరలేని చోటికి మన పిల్లలు చేరారు, అది అబద్ధం కాదు. అన్నం పెట్టడం ఆపమని మేం అనడం లేదు. ఆ అన్నం బియ్యంగా జూన్‌కు ముందే ఊళ్లో ఉండాలంటున్నాం. కుటుంబానికో క్వింటా ధాన్యం ఊళ్లోనే నిల్వ పెట్టుకునే ధాన్యపు బ్యాంకుల పథకం 1996-97లోనే గిరిజన శాఖ మొదలుపెట్టింది. పెద్దవాళ్లను అడగండి, మీ ఊళ్లో ఆ గాదె ఉండేదా, ఎప్పుడు ఖాళీ అయింది అని. మన విరాళం పైసలతో అలాంటి గాదె ఒక్కటి నింపినా, తెగిపోయిన రోడ్డు మీద లారీ ఆగిపోయి చూస్తూ నిలబడే బాధ ఉండదు.

కాబట్టి మా మాట ఇది.

ఒకటి. పాత మూడేళ్ల లెక్క ఈ ఆదివారం గ్రూపులో పెడుతున్నాం. బిల్లు లేనివి "బిల్లు లేదు" అనే రాస్తాం. మిగిలిన పైసలు ఎంతున్నాయో, ఎవరి దగ్గరున్నాయో కూడా రాస్తాం. ఇక మీదట ఎవరి సొంత నంబర్‌కూ పైసలు పడకూడదు. ముగ్గురి పేర్ల మీద ఖాతా, ఇద్దరి సంతకం లేకుండా పైసా కదలకూడదు. ఆ ముగ్గురిలో ఒక చెల్లెలు తప్పనిసరి. మన ఇంటి లెక్క చూపకుండా సర్కారు లెక్క అడిగితే, "ముందు నీ డబ్బా సంగతి చెప్పు" అంటారు. అన్నా తప్పు లేదు.

రెండు. మిగిలిన పైసల్లో ఒక్క రూపాయి కూడా దుప్పట్లకు పోదు. తాళ్లు, లైఫ్ జాకెట్లు, టార్చిలైట్లు, మైకు, నీళ్ల క్యాన్లు, బియ్యం. ఏ ఊరికి ఏం కావాలో మనం హాస్టల్లో కూర్చుని తేల్చొద్దు. గ్రామసభ తేల్చాలి. పంచాయతీ పెట్టిన ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ ఉండాలని 1996 పెసా చట్టం చెప్తోంది. ఆ చట్టం మన కోసం వచ్చింది. సర్కారు పాటించాలని అడిగేది మనమూ పాటిద్దాం. మనం ఇచ్చిన వస్తువుల జాబితా గ్రామసభలో చదివి, ఊరివాళ్లు సరే అన్నాకే లెక్క మూసేద్దాం.

మూడు. సెలవులకు ఊరికి వెళ్లే ప్రతి ఒక్కరూ వానలకు ముందే ప్రతి ఇంటి ఫొటో తీయండి. గోడ, కప్పు, ఇంటి ముందు నిలబడ్డ మనిషి, ముగ్గురూ కనపడాలి. గొడ్లు, మేకలు, పడవలు, బోర్లు కూడా తీయండి. ఏది కచ్చా ఇల్లో, ఏది పక్కా ఇల్లో గ్రామసభ తీర్మానంలో రాయించండి. పైసా ఖర్చు లేని పని ఇది. టిక్కు పెట్టేవాడు వచ్చే లోపు మన జాబితా తయారుగా ఉండాలి.

నాలుగు. ఊరికొక దరఖాస్తు. జిల్లా విపత్తు ప్రణాళిక కాపీ ఇవ్వండి, చట్టం ప్రకారం దాన్ని ఏటా సమీక్షించాలి కదా, చివరిసారి ఎప్పుడు చేశారు? అందులో మా ఊరి పేరు ఉందా? 2021 నుంచి 2026 దాకా ముందస్తు సన్నద్ధతకు, ముప్పు తగ్గించే పనులకు జిల్లాలో, ఐటీడీఏ పరిధిలో ఎంత ఖర్చయింది, ఏ ఊళ్లో ఏం కొన్నారు? పోయిన వరదల్లో మా మండలంలో ఎన్ని ఇళ్లను "గుడిసె" అని రాశారు, ఎన్నిటిని "కచ్చా" అని రాశారు? దరఖాస్తు నమూనా ఈ పోస్టు కింద పెడుతున్నాం. కాపీ చేసుకుని ఊరి పేరు మార్చుకోండి, చాలు.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి అబిడ్స్ జీపీఓ మెట్ల దగ్గర కలుద్దాం, కౌంటర్ మూసేలోపు పోస్టల్ ఆర్డర్లు కొనుక్కుందాం. దరఖాస్తు రాయడం రానివాళ్లకు అక్కడే రాసి పెడతాం. మా మాటలు తప్పనుకునే వాళ్లు కూడా రండి, అక్కడే వాదించుకుందాం.

ఈ నాలుగూ జరిగాక కూడా వరద వస్తే, అప్పుడు డబ్బాలు మేమే ముందు పడతాం. డబ్బా మీద ఒక్క మాట మాత్రం రాస్తాం: "లెక్క చూడాలనుకున్న ఎవరికైనా చూపిస్తాం."

ఆ అవ్వ ఊరికి తాడు ఇంకా చేరలేదు. ఈ వానలకు ముందు చేరాలి.

జోహార్లతో,
మీ అబిడ్స్–నాంపల్లి హాస్టళ్ల పిల్లలం